ఆరాధన నుంచి వచ్చేసరికి మటన్ రెడీ
ఆదివారం పిల్లల సండే స్కూల్, తర్వాత ఆరాధన, అయినంక అందర్ని పలకరించి హన్మకొండ నుంచి కాజీపేటల ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటుతది, అప్పుడు పొయ్యి ముట్టియ్యాలంటే ప్రాణం పోతది. అందుకే మా సంఘంల అక్కలందరికీ స్లో కుక్కర్ (కరెంటు మీద సన్నటి వేడితోని గంటల తరబడి ఉడికించే గిన్నె) కొనుక్కోమని చెప్తున్న. ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ మాత్రం ముందుగాల నూనెల ఎర్రగ వేయించాలె, అది తప్పదు, పచ్చివే వేస్తే ఆ వాసన పోదు. మటన్, కారం, పసుపు, ఉప్పు వేసి నీళ్లు అర గ్లాసే పొయ్యండి, ఆవిరి బయటికి పోదు కదా, ముక్కలకెల్లే నీళ్లు ఊరుతయి. లో (తక్కువ వేడి) మీద 8 గంటలు అంటే పొద్దుగాల ఐదింటికి పెడితే ఒంటిగంటకు అయితది. మధ్యల మూత తీయొద్దు. రాజ్మా అయితే నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, పొయ్యి మీద 10 నిమిషాలు బాగ మరగబెట్టినంకనే వెయ్యాలె, లేకుంటే వాంతులైతయి. పుంటికూర ఆఖరి అరగంటల వేస్తే చాలు.