మంచు కురిసిన రోజున ఆంటీ రావాలా?

2021 జనవరి 31, ఆదివారం నాడు అమెరికాలోని న్యూజెర్సీలో మొదలైన మంచు మంగళవారం దాకా విడవలేదు. ఆదివారం సాయంత్రానికే గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించారు, సోమవారం ఎన్‌జే ట్రాన్సిట్ బస్సులు నడవలేదు, రాష్ట్రపు ఉత్తర భాగంలో కొన్ని ఊళ్లలో రెండున్నర అడుగులకు మించి మంచు పేరుకుంది. మంచు వార్తలు చూస్తూనే, ఆదివారం రాత్రి ఎడిసన్‌లోని మా ఇంటి నుంచి, మా తొమ్మిది నెలల బాబును చూసుకునే ఆంటీకి నేను, "రేపు పొద్దున మీటింగులున్నాయి ఆంటీ, కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు, రండి" అని మెసేజ్ పెట్టాను.

సోమవారం ఉదయం ఆరున్నరకు ఆవిడ ఫోన్ చేసి, "బస్సులు లేవంటున్నారమ్మా, నడిచి రానా?" అని అడిగారు. మా ఇళ్ల మధ్య దూరం రెండు మైళ్లకు పైనే ఉంటుంది, ఆవిడకు అరవై దాటాయి. ఆ సమయంలో మా ఆయన షవల్ పట్టుకొని డ్రైవ్‌వేలో పేరుకున్న మంచు తీస్తున్నారు. మా కారు వీధిలోకి రాలేని రోజున ఆవిడను కాలినడకన రమ్మన్నట్లే నేను రాశానని ఆ కిటికీ దగ్గర నిలబడ్డాకగాని నాకు తట్టలేదు. రావద్దని చెప్పాను. కానీ ఆ ప్రశ్న ఆవిడ అడగవలసి రావడమే నన్ను ఇన్నేళ్లుగా బాధిస్తోంది.

ఇక్కడి మంచును కారులోంచి చూసేవారికి నడిచి పనికి వచ్చేవారి కష్టం అంత తేలికగా అర్థం కాదు. ప్లౌ బండ్లు రోడ్డు మధ్య మంచును పక్కకు నెడతాయి, ఆ గుట్టలన్నీ కాలిబాటల చివర, బస్సు ఆగే చోట పడతాయి. రోడ్డు శుభ్రమైందని మనం అనుకునే సమయానికి నడిచేవారికి రోడ్డు తప్ప వేరే దారి మిగలదు. మధ్యాహ్నం కరిగిన నీరు రాత్రి గడ్డకట్టి, తారు రంగులోనే కలిసిపోయి, మర్నాడు తెల్లవారుజామున కంటికి కనిపించదు. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో నేను వివరించనక్కరలేదు. పైగా పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదానికి ఇక్కడ వర్కర్స్ కాంపెన్సేషన్, అంటే పనిలో గాయపడినవారికి ఇచ్చే పరిహారం, సాధారణంగా వర్తించదు.

ఆ వారం ఆంటీ బుధవారం వచ్చారు. శుక్రవారం జీతం ఇస్తుంటే, "మూడు రోజులకే ఇవ్వమ్మా" అని ఆవిడే ముందుగా అన్నారు. చిన్నప్పుడు మా ఇంట్లో, తుఫాను రోజున కూడా, "వాన సాకు పెట్టుకొని పనిమనిషి ఎగ్గొట్టింది" అన్న మాట వినని ఏడాది లేదు. ఆ మాట మనతో పాటు విమానమెక్కి వచ్చిందని నేను నమ్ముతున్నాను. అదే డేకేర్ అయితే, మంచుకు మూసినా నెల ఫీజు పూర్తిగా తీసుకుంటుంది, ఎవరమూ మారు మాట్లాడము. మా ఆఫీసులు మూసినా మా జీతం తెగదు. ఒక్క ఆంటీ దగ్గరే మనకు రోజుల లెక్క ఎందుకు గుర్తుకొస్తుందో ఆలోచించాలి. నేను ఐదు రోజులకూ ఇచ్చాను. అది దయ కాదు, ఆవిడకు రావలసిన జీతం.

నిజంగా సెలవు పెట్టలేనివారు ఉన్నారు. మా పక్కింటి నర్సు తుఫాను ముందురోజే ఆసుపత్రికి వెళ్లిపోతుంది. తన పాపను చూసుకునే ఆవిడను ముందురోజు మధ్యాహ్నమే కారులో తీసుకొచ్చి, తలుపున్న గది ఒకటి ఇచ్చి, వారంలో 40 గంటలు దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు కట్టి ఇస్తుంది. ఇంతా చేసి కూడా ముందు అడుగుతుంది, ఆవిడ రానంటే సరేనంటుంది. నాకు ఇందులో తప్పు కనిపించదు.

ఇళ్లలో పనిచేసేవారిని అమెరికా కనీస వేతన చట్టం 1938లో వదిలేసింది, 1974లోగాని చేర్చలేదు. న్యూజెర్సీలో 2024 జనవరిలో సంతకమైన ఇంటి పనివారి హక్కుల చట్టం ఆ జూలై 1 నుంచి అమలులోకి వచ్చి, వారితో రాతపూర్వక ఒప్పందం ఉండాలని చెప్పింది. మా రెండో బిడ్డను కూడా ఆంటీయే చూసుకుంటున్నారు కాబట్టి, ఆ ఎండాకాలంలో ఇద్దరం భోజనాల బల్ల దగ్గర కూర్చొని ఒప్పందాన్ని తెలుగులో రాసుకున్నాము. బస్సులు ఆగినా, అత్యవసర పరిస్థితి ప్రకటించినా ఆవిడ రానక్కరలేదనీ, ఆ రోజుల జీతం తగ్గదనీ, రోడ్డు సంగతి అనుమానంగా ఉంటే ఆవిడ మాటే చివరిదనీ రాశాను.

అంతా చదివి వినిపించాక, ఇంకేమైనా చేర్చాలా అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "రావద్దనేది ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు చెప్పమ్మా. నేను నాలుగున్నరకే లేచి వంట చేసుకుంటాను" అన్నారు. అది కూడా రాశాను.