శుద్ధరాత్రి పుట్టిన ఊళ్లో ఒక పూట

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో లోకల్ రైలెక్కితే అరగంటలోపే ఒబెర్న్‌డార్ఫ్‌లో దిగాను. 'శుద్ధరాత్రి' (సైలెంట్ నైట్) కీర్తనను 1818 క్రిస్మస్ ముందురోజు రాత్రి మొదటిసారి పాడింది ఈ ఊళ్లోనే. అప్పటి సెయింట్ నికోలస్ చర్చి మాత్రం లేదు, సాల్జాక్ నది వరదలకు దెబ్బతింటే పడగొట్టేశారు. ఆ చోట ఎనిమిది మూలల చిన్న తెల్లటి చాపెల్, అంటే చిన్న ప్రార్థనామందిరం, ఉంది. లోపల రంగు అద్దాల కిటికీల్లో ఒకవైపు పాట రాసిన ఫాదర్ జోసెఫ్ మోర్, ఇంకోవైపు బాణీ కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్. మోర్ బతికుండగా ఎవరూ ఆయన బొమ్మ గీయలేదు, అందుకని తర్వాత ఒక శిల్పి ఆయన పుర్రెను చూసి ముఖం మలిచాడు. ఆ పుర్రె ఈ చాపెల్‌లోనే ఉందని తెలిశాక అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

చర్చిలో పాటలకు వాయించే ఆర్గన్‌ను ఎలుకలు కొరికేస్తే ఆ పూటకా పూట ఈ పాట రాశారనే కథ నేనూ చిన్నప్పట్నుంచి విన్నదే. కానీ గ్రూబర్ స్వయంగా రాసిన వివరణలో ఎలుకల ఊసే లేదు. మోర్ ఒక కవిత ఇచ్చి, రెండు గొంతులకూ గిటారుకూ సరిపడే బాణీ కట్టమన్నారనే ఉంది. గ్రూబర్ ఆ వివరణ రాయాల్సి వచ్చింది కూడా 1854లో, ఇది సంగీతకర్త మైకేల్ హేడన్ పాటేమోనని బెర్లిన్ నుంచి ఆరా తీసినప్పుడు. అప్పటికి మోర్ చనిపోయి ఆరేళ్లు! మోర్ చేతిరాత ప్రతి 1995లో గానీ బయటపడలేదు, దాంట్లో కవిత రాసిన ఏడాది 1816 అని ఉంది. అంటే బాణీ కంటే రెండేళ్ల ముందే మరియాఫార్ అనే ఊళ్లో రాశారన్నమాట. నాకైతే ఎలుకల కథ కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే అవి నెపోలియన్ యుద్ధాలు అప్పుడే ముగిసిన రోజులు, అదే 1816లో ఈ నదినే సరిహద్దు చేసి, అంతవరకూ ఒకటిగా ఉన్న ఊరిని ఒబెర్న్‌డార్ఫ్ ఆస్ట్రియాకు, అవతలి లాఫెన్ బవేరియాకు (ఇప్పుడది జర్మనీలో భాగం) అని చీల్చేశారు.

మోర్ రాసినవి ఆరు చరణాలు, మామూలుగా పాడేవి మూడే. వదిలేసిన వాటిలో నాలుగోది, యేసు లోకంలోని జనాలందర్నీ అన్నలా అక్కున చేర్చుకున్నాడని చెప్పే చరణం. దాన్ని వదిలేస్తున్నామంటే నాకు బాధే.

సాయంత్రం లాఫెన్ వంతెన ఎక్కాను. నన్నెవరూ ఆపలేదు. సరిగ్గా మధ్యలో ఆగి, కాగితం మీద రాసుకున్న ఆ నాలుగో చరణాన్ని వచ్చీరాని జర్మన్‌లో మెల్లగా పాడుకుని, అవతలి ఒడ్డుకు నడిచాను.