రెండు సోలల బాకీ

మా నాయనమ్మకు వయసెంతో ఎవరికీ సరిగ్గా తెలియదు, తనకూ తెలియదు. "పోలీసు యాక్షన్ అయినప్పుడు నాకు పాలపండ్లు ఊడుతున్నయ్ బిడ్డా" అనేది. ఆ లెక్కన 1948లో ఆరేడేళ్లు, అంటే పోయిన ఏడాది వేసవిలో కన్నుమూసేనాటికి ఎనభై దాటినట్టే. పుట్టిన ఊరూ మెట్టిన ఊరూ పక్కపక్కనే, రెండూ జహీరాబాద్ వైపే. అక్కడి నుంచి కదలకుండానే మూడు జిల్లాల్లో బతికింది: చిన్నప్పుడు బీదర్, 1956 తర్వాత మెదక్, 2016 నుంచి సంగారెడ్డి. లింగంపల్లిలో మా ఇంటికి వస్తే మూడో రోజుకే సంచి సర్దుకునేది.

రెండెకరాల ఎర్ర చెలక మాది. బోరు లేదు, వాన పడితేనే పంట. అందులో ఒకే రకం పంట వేయడం నేనెప్పుడూ చూడలేదు. పచ్చజొన్న, కంది, పెసర, అనుములు, కొర్ర, నువ్వులు, మధ్యలో పుంటికూర, అన్నీ కలిపి వేసేది. వాన ముందే వెనక్కిపోతే పెసలు అప్పటికే ఇంటికి చేరి ఉంటాయి, మొదట ఎండగొట్టి ఆలస్యంగా పడితే కంది తేరుకుంటుంది. ఏదో ఒకటి చేతికొస్తుంది, పొయ్యి ఆరదు. కలుపు తీస్తూ తుమ్మికూర, జొన్నచెంచలి కూడా ఒడిలో వేసుకొచ్చేది. అవి ఎవరూ విత్తినవి కావు.

విత్తనం దాచే పని మాత్రం ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు. కోతకు ముందే చేనంతా తిరిగి మంచి కంకులు చూసి దారం కట్టేది, వాటిని కోసేవాళ్లు ముట్టుకోకూడదు. బాగా ఎండాక గింజలు రాల్చి, బూడిద, ఎండిన వేపాకు కలిపి, పేడతో అలికిన గంపలో పోసి, మూతికి మట్టి మెత్తేది. తడి చేత్తో ఆ మట్టిని నున్నగా రుద్ది, ఆరకముందే వేలితో గుర్తులు పెట్టేది. ఒక చుక్క కొర్ర, రెండు చుక్కలు సామ, నిలువు గీత జొన్న. చదువు రాదు కదా, అదే తన రాత.

ఆ గంపలు మా ఒక్క ఇంటివి కావు. ఎవరికి విత్తనం తక్కువైనా వచ్చి సోలెడు తీసుకుపోయేవాళ్లు, పంట వచ్చాక రెండు సోలలు తెచ్చి పోయాలి. పండకపోతే వచ్చే ఏడాది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1983 నుంచి పస్తాపూర్ కేంద్రంగా పెట్టించిన మహిళా సంఘాల్లో మా ఊరి సంఘం ఒకటి. మాలాంటి దళిత కుటుంబాల ఆడవాళ్లే అందులో ఎక్కువ. మా తాత మొదట్లో వద్దన్నాడట, ఈమె వినలేదు.

తొంభైలలో ఆ సంఘాలు బీడు పడ్డ చెలకల్లో మళ్లీ జొన్న వేయించాయి. అప్పటికి రెండు రూపాయల బియ్యం వచ్చి చాలా ఏళ్లయింది, జొన్న తగ్గిపోయింది. సాగుకు అప్పు ఇచ్చి, దాన్ని జొన్నల రూపంలోనే తిరిగి తీసుకుని, ఊళ్లోనే నిల్వ పెట్టి, పనుల్లేని నెలల్లో పేదోళ్లకు చవగ్గా ఇచ్చేవాళ్లు. ఎవరికెంత అనేది ఆఫీసరు చెప్పడు, ఊరే కూర్చుని ఇళ్లను ఐదు రకాలుగా విడదీసేది, బాగా లేనోళ్లకు ఎక్కువ జొన్నలు. మా ఇంటి వంతు రాగానే అందరూ మమ్మల్ని ఆఖరి వరుసలోనే పెట్టారు. నాయనమ్మ లేచి "మాకు ఎడ్లున్నయి, ఒక మెట్టు పైన పెట్టున్రి" అంది. ఆ ఏడు మాకు జొన్నలు తక్కువ వచ్చాయి. మా నాన్న అప్పుడు ఇంట్లో పెద్ద గొడవ చేశాడు, పిల్లలు ఉపాసముంటే నీ పేరు తినాల్నా అని అడిగాడట. ఆ కోపం ఆయనకు చాలా ఏళ్లు ఉంది. నాకైతే ఎంత ఆలోచించినా నాన్నదీ తప్పనిపించదు, కానీ నిండు సభలో తన ఇంటి వంతు తానే తగ్గించుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా తనే, ఎవరు పోయినా ఆ ఇంటికి గటక వండి పంపేదీ తనే. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలయ్యాక ఒకసారి అక్కడికి వెళ్లి చేనుకూరల గురించి మాట్లాడింది. హైదరాబాద్‌లో మాకు అది అందదు కదా, చిన్నమ్మ ఫోన్‌ని రేడియో పక్కన పెట్టి వినిపించింది. గొంతు కొంచెం వణికింది, తర్వాత చేన్లో మాట్లాడినట్టే గడగడా మాట్లాడింది. ఆ రోజు ఆఫీసు మెట్ల మీద నిలబడి విన్నాను.

దినాలయ్యాక సంఘం ఆడవాళ్లు నలుగురు వచ్చారు. గంపల మట్టి వాళ్లే పగలగొట్టారు. ఎవరి బాకీ ఎంతుందో నాయనమ్మ నోటి లెక్కే తప్ప కాగితం లేదు, అయినా ఒక్కొక్కరూ తమ బాకీ తామే చెప్పుకున్నారు. నేను కూడా పచ్చజొన్న ఒక సోల అడిగాను, గుర్తుగా ఉంచుకుందామని. కొలిచి నా కొంగులో పోస్తూ వాళ్లలో పెద్దామె "రెండు సోలలు యాది పెట్టుకో బిడ్డా" అంది. నవ్వలేదు, నిజంగానే అంది.

డబ్బాలో పోసి కిచెన్‌లో పెట్టాను. ఏడాదంతా రోజూ కనపడుతూనే ఉంది. ఈ జూన్‌లో మొదటి వాన పడగానే జహీరాబాద్ బస్సెక్కాను. గట్టు పక్కన ఐదు సాళ్లు నాకు వదిలాడు చిన్నాయన. మొలకలొచ్చాయని నిన్న వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. కోతకు ముందే వెళ్లి కంకులకు దారం కట్టాలి, దానికి రెండు రోజులు సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను.