చుక్కల మందు వేయకముందే క్లెయిమ్ మొదలు

కంటి ఆసుపత్రికి రావాల్సిన ప్రభుత్వ బీమా డబ్బు ఆగితే అందరూ పథకాన్ని నడిపే ట్రస్టునే తిట్టుకుంటారు. ఆలస్యం అక్కడా ఉంటుంది, కాదనను. కానీ తిప్పి పంపిన శుక్లం కేసులు తిరగేస్తే చాలావాటికి చిక్కు ఆసుపత్రిలోనే, ఓపీ బల్ల దగ్గరే పడి ఉంటుంది.

మొదటిది, రోగి ఆధార్ సరిచూసే వేలిముద్ర. మన డెల్టాలో రొయ్యలు ఒలిచేవాళ్లకి, కొబ్బరి పీచు పనివాళ్లకి వేలిగీతలు అరిగిపోతాయి. మిషను తీసుకోకపోతే ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) పెట్టమంటారు. ఈలోగా సిస్టర్ కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసేసి ఉంటుంది. కంటిపాప విచ్చుకుంటే ఐరిస్ సన్నటి అంచులా మిగులుతుంది, స్కానర్ పోల్చుకోలేదు. నల్లగుడ్డు మీద పువ్వు ఉంటే మరీ కష్టం. అందుకని ముందు ఆధార్, తర్వాతే చుక్కలు. బియ్యం కార్డులో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకొకటి ఉన్నా అప్పుడే వైద్యమిత్రకి (ఆసుపత్రిలో పథకం పనులు చూసే సహాయకుడు) చూపించాలి.

ప్రీఆథ్‌కి, అంటే ఆపరేషన్‌కి ముందస్తు అనుమతికి, పెట్టేవి తెలిసినవే: రెండు కళ్ల చూపు, కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌తో తీసిన, తేదీ పడిన ఫొటో, లెన్స్ పవర్ లెక్కకి కంటి పొడవు కొలిచే ఏ-స్కాన్. ఏ కన్నో మాత్రం పొడి అక్షరాల్లో కాకుండా ‘కుడి’, ‘ఎడమ’ అని పూర్తిగా రాయించండి. ఒక కాగితంలో కన్ను మారినా వివరణ అడుగుతూ క్వెరీ తప్పదు.

అసలు గొడవంతా కంట్లో పెట్టే లెన్స్ స్టిక్కర్‌తో. డబ్బాలో నాలుగైదు స్టిక్కర్లు వస్తాయి. ఒకటి కేస్‌షీటుకి, ఒకటి ఓటీ రిజిస్టరుకి, ఒకటి రోగి కార్డుకి, ఒకటి అప్‌లోడ్‌కి. థియేటర్లోనే అంటించాలి. సాయంత్రం కుప్ప పోసి అంటిస్తే పక్కవాళ్ల స్టిక్కర్ వచ్చి పడుతుంది. స్టిక్కర్ మీది పవర్ ఏ-స్కాన్‌తో సరిపోకపోతే క్లెయిమ్ ఆడిటర్ ఆపేస్తాడు. లెన్స్ కూర్చోవాల్సిన సంచి వెనక పొర చిరిగి, లెన్స్‌ని దాని ముందున్న గాడిలో (సల్కస్) పెట్టినప్పుడు సర్జన్ పవర్ అర నుంచి ఒక డయాప్టర్ తగ్గించడం మామూలే. ఆ మాట ఆపరేషన్ నోట్సులో లేకపోతే అది కాగితం మీద తప్పుగానే కనిపిస్తుంది. ఫేకోకి (అల్ట్రాసౌండ్‌తో శుక్లం తీసే పద్ధతి) అనుమతి తెచ్చుకుని మధ్యలో కుట్టులేని చిన్నకోత పద్ధతికి మారితే, డిశ్చార్జికి ముందే ప్యాకేజీ మార్పించాలి. పాత కోడ్‌తోనే బిల్లు పెడితే డబ్బు పోవడమే కాదు, మోసం కింద లెక్కపడే ప్రమాదం ఉంది.

కోతల కాలంలో వరి ఆకు కోసుకుని వచ్చే కంటి పుండ్లకి లెక్క వేరు. పుండులో బూజు ఉందేమో చూసే కేఓహెచ్ స్మియర్ రిపోర్టు, పుండు కొలత మిల్లీమీటర్లలో, రోజువారీ ఫొటో ఉండాలి. ‘నయమవుతోంది’ అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు.

ఆయుష్మాన్ భారత్ నిబంధన ప్రకారం క్లెయిమ్ పెట్టిన 15 రోజుల్లో చెల్లించాలి, వేరే రాష్ట్రం కార్డయితే 30. యానాం నుంచి వచ్చే రోగి ఈ రెండో లెక్కలోకి వస్తాడు, పుదుచ్చేరి కార్డు కదా! డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులూ ప్యాకేజీలోనే, చుక్కలకి విడిగా తీసుకోకూడదు. అంధత్వ నివారణ కార్యక్రమం కింద స్వచ్ఛంద ఆసుపత్రులకి వచ్చే 2,000 రూపాయల గ్రాంటునీ, బీమానీ ఒకే కంటికి రెండుచోట్లా అడగడం కుదరదు.

డబ్బు గుత్తగా, ఒకే యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ నంబరు) మీద పడుతుంది. క్లెయిమ్ నంబర్ల వారీగా విడదీయకపోతే ఎక్కడ ఎంత కోశారో తెలీదు. అందులో 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) కూడా పోతుంది, ఆదాయపన్ను ఖాతాలోని కోతల వివరాలతో సరిచూసుకోవాలి. ధర్మ ఆసుపత్రులైతే ఆదాయపన్ను శాఖ నుంచి తక్కువ కోత ధ్రువపత్రం ఏటా ముందుగానే తెచ్చుకోవచ్చు. ఇది చాలామంది ఆడిటర్లు అడిగితే తప్ప చెప్పరు.