వెండి మీద ఎరుపు

ఆదివారం. మొత్తానికి ఇవాళ నేను రంగులేస్తున్న చిన్న యోధుడి బొమ్మ కవచానికి ఎరుపు వేశా. చెన్నైలో మే నెలలో ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) పట్టాలంటే గంట చూసుకుని పట్టాలి, తెల్లారి గాలంతా తడితడిగా ఉంటుంది, మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి తిరిగిందంటే మళ్ళీ అదే తడి, మధ్యలో పడమటి ఎండగాలి కొట్టే ఆ రెండు మూడు గంటలే కాస్త పొడి. పలచబరచడానికి లాకర్ థిన్నర్ కలిపిన పెయింట్‌కి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పెయింట్ పై పొర చల్లబడుతుంది, గాల్లో తేమ ఉంటే దాని మీదకి చేరి మంచు పట్టినట్టు తెల్లగా మసకేస్తుంది. మామూలు రంగుల్లో అయితే అది పెద్దగా కనపడదేమో గానీ మెటల్ మెరుపుకి ఆ మసక వచ్చిందంటే అయిపోయినట్టే. అందుకే టిఫిన్ తిని, కిటికీ తీసి, మాస్క్ పెట్టుకుని, పదింటికల్లా కూర్చున్నా.

అడుగున మెరిసే నల్లటి పొర, దాని మీద వెండి నిన్ననే అయిపోయాయి. చాలామంది సిల్వర్ పెయింట్‌లో మామూలు ఎరుపు కలిపేసి మెటాలిక్ రెడ్ వచ్చేసింది అనుకుంటారు, కానీ అది మెరవదు. వెండి పెయింట్ అంటే అల్యూమినియం రేణువులు, చిన్న చిన్న అద్దాల్లాంటివి, మామూలు ఎరుపులో ఉండే పిగ్మెంట్, అంటే రంగు పొడి, వాటిని కప్పేస్తుంది, చివరికి బూడిద కలిసిన గులాబీ రంగొకటి మిగులుతుంది. అదే వెండిని విడిగా పలచగా వేసి ఆ రేణువులు చదునుగా పడుకునేలా ఆరనిచ్చి, పైన పారదర్శకంగా ఉండే క్లియర్ రెడ్ వేస్తే అప్పుడు అసలు మజా. వెలుతురు ఎరుపులోంచి లోపలికి వెళ్ళి, వెండికి కొట్టుకుని, మళ్ళీ ఎరుపులోంచే బయటికొస్తుంది, అంటే రంగులోంచి రెండుసార్లు వడకట్టినట్టు, ఆ లోతు ఇంకే పద్ధతిలోనూ రాదు నాకు తెలిసి.

నేను వాడే క్లియర్ రెడ్ టామియా కంపెనీ ఎక్స్-27. మొదటి కోటు చూస్తే ఎవరికైనా నీరసం వస్తుంది, పాలిపోయిన పింక్, అంతే. అక్కడ కంగారుపడి ఒత్తుగా కొట్టేయకూడదు, పొగలాగా ఒక పొర, ఆరాక ఇంకో పొర, అలా వెళ్తూ ఉంటే మూడో నాలుగో పొర దగ్గర ఒక్కసారిగా ఎర్రబడుతుంది చూడండి, ఆ క్షణం కోసమే ఈ తతంగమంతా. బొమ్మ బొటనవేలంత ఉంటుంది కాబట్టి కవచం రేకుల అంచుల మీద పొరలు తక్కువ పడేలా, భుజం కింద, మడతల్లో ఎక్కువ పడేలా చేతిని తిప్పితే చాలు, నీడకి వేరే రంగు కలపక్కర్లేదు, ఎరుపే చిక్కబడి నీడ అయిపోతుంది.

అమ్మ నెల్లూరు నుంచి వచ్చుంది. వెనకాల నిలబడి చాలాసేపు చూసి, "ఏందిరా, అంత చక్కగా వెండి పూసి మళ్ళీ దాన్ని ఎరుపుతో మూసేస్తున్నావా?" అంది. మూయట్లేదమ్మా, కిందున్న వెండి వల్లే మెరుస్తుంది అన్నా. కాసేపు ఏం మాట్లాడలా, లోపలికెళ్ళి అక్క కూతురి కూచిపూడి సెట్టు పట్టుకొచ్చింది, మైలాపూర్ మాడవీధిలో కొన్న కెంపుల నగలు. వాటిల్లో ఒక రాయి నల్లగా ఉంది. "రాయి బాగానే ఉందిరా, వెనక రేకు చెడిపోయింది. రేకు పోతే రాయి చచ్చిపోద్ది" అంది. నేను నెలల తరబడి చదివి నేర్చుకున్నది అమ్మ పెట్టెలో ఇన్నాళ్ళూ ఉందన్నమాట! ఆ రాళ్ళని టేబుల్ ల్యాంప్ కింద, నా యోధుడి పక్కన పెట్టి ఇద్దరం చాలాసేపు చూశాం, ఎరుపు ఇంచుమించు ఒక్కటే. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అసలు కింద పొర మారిస్తే పైనున్న రంగే మారిపోతుంది, ఇదే క్లియర్ రెడ్ బంగారు రంగు మీద పడితే రాగి వైపు వెచ్చగా వెళ్తుంది, క్లియర్ బ్లూ బంగారం మీద ఆకుపచ్చగా మారుతుంది, వెండి మీద క్లియర్ ఎల్లో వేస్తే బంగారమే. పాత సిల్వర్ సీసా ఒక్కటి ఉన్నా ఇన్ని లోహాలు చేసుకోవచ్చు.

మధ్యాహ్నం గాలి తిరిగాక ఎయిర్‌బ్రష్ కడిగేసి, కత్తికి బ్రష్‌తో కాల్చిన ఉక్కు రంగులు వేశా. నిజమైన ఉక్కుని కాలిస్తే సుమారు 220 డిగ్రీల దగ్గర గడ్డి పసుపు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం వస్తాయి, అందులో రంగనేదే ఉండదు, పైన ఏర్పడే ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి వెలుతురు ఆడే ఆట అది. కాబట్టి మంటకి దగ్గరున్న చోట నీలం, దూరం జరిగే కొద్దీ ఊదా, ఆ తర్వాత పసుపు రావాలి, ఈ వరస తలకిందులైతే ఎంత అందంగా వేసినా తెలిసినవాళ్ళ కంటికి గుచ్చుకుంటుంది. మొన మంటలో ఉందనుకుని అక్కడ నీలం, పిడి వైపు వచ్చేసరికి పసుపు, అన్నీ బాగా పలచబరిచిన క్లియర్ రంగులే.

ఇక మిగిలింది వార్నిష్. బొమ్మ మొత్తానికి మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టేస్తే ఇంత కష్టపడి తెచ్చిన మెరుపు పోతుంది, కవచానికి, కత్తికి మెరిసే గ్లాసీదే, తోలు పట్టీలకి, వెనకున్న పై వస్త్రానికి మాత్రం బ్రష్‌తో మ్యాట్. పక్కన మెరుపు లేని గుడ్డ ఉంటేనే లోహం లోహంలా కనిపిస్తుంది. ఆ గుడ్డకి ముదురు ఆకుపచ్చా, బూడిద రంగా అన్నది రేపు ఆఫీసు నుంచి వచ్చాక తేలుస్తా, అమ్మ అయితే ఆకుపచ్చే అంటోంది, కెంపు పక్కన పచ్చ ఉండాలంట.