పుల్ అప్ అని వినబడితే ముందు లేపాలి

మన నెల్లూరు వాళ్లకి విమానమంటే చెన్నై, లేదంటే రేణిగుంట. రేణిగుంటలో దిగేటప్పుడు కిటికీలోంచి శేషాచలం కొండలు పగటిపూట చూడముచ్చటగా ఉంటాయి. రాత్రిపూట, మబ్బులో పైలట్‌కి ఏ కొండా కనబడదు. అప్పుడు కాక్‌పిట్‌లో "టెరైన్, టెరైన్, పుల్ అప్" (ఎదురుగా నేల ఉంది, పైకి లేపు) అని మోగితే చర్చకి వ్యవధి లేదు.

ఇలా నేల దగ్గరైతే హెచ్చరించే యంత్రాల్లో పాతదైన జీపీడబ్ల్యూఎస్‌కి తెలిసింది కింద ఉన్న నేల ఒక్కటే. దానికి కన్ను రేడియో ఆల్టిమీటర్, అంటే రేడియో తరంగాలతో కింది నేల దాకా ఎత్తు కొలిచేది, అదీ 2,500 అడుగుల లోపే చూస్తుంది. 2,000 అడుగుల ఎత్తులో నెల్లూరు నుంచి పడమరగా పొదలకూరు, రాపూరు మీదుగా పోతున్నారనుకోండి. వరిమళ్ల మీద ఉన్నంతసేపూ దానికి అంతా బాగానే ఉంటుంది. పెంచలకోన దగ్గర వెలికొండలు ఎదురొచ్చాక అరుస్తుంది, అప్పటికి ఆలస్యమే. ఇప్పటి మెరుగైన రకం ఈజీపీడబ్ల్యూఎస్ జీపీఎస్ స్థానాన్ని తనలో దాచుకున్న నేల పటంతో పోల్చి ముందుకి చూస్తుంది. ఢీకొనడానికి సుమారు 60 సెకన్ల ముందు జాగ్రత్త చెప్తుంది, 30 సెకన్ల ముందు "పుల్ అప్" అంటుంది. దిగేటప్పటి 140 నాట్ల (గంటకి సుమారు 260 కిలోమీటర్ల) వేగంలో 30 సెకన్లంటే రెండు కిలోమీటర్ల పైచిలుకు, అంతే.

ఆ మాట వినగానే ఆటోపైలట్ తీసేయాలి. ఎయిర్‌బస్‌లో సైడ్‌స్టిక్ (పైలట్ పక్కనుండే నడిపే కర్ర) పూర్తిగా వెనక్కి లాగి అలాగే పట్టుకుని, థ్రస్ట్ లీవర్లు టోగాకి, అంటే ఇంజన్ల పూర్తి బలానికి, తొయ్యాలి. బోయింగ్ 737లో ఆటోథ్రాటిల్ (ఇంజన్ బలాన్ని తనంతట సర్దేది) కూడా తీసి, పూర్తి థ్రస్ట్ ఇచ్చి, ముక్కు 20 డిగ్రీలకి లేపాలి. ముప్పు ఇంకా తీరకపోతే స్టిక్ షేకర్ (రెక్కలు లిఫ్ట్ కోల్పోబోతున్నాయని కర్రని వణికించే హెచ్చరిక) వణికేదాకా లేపాలి. రెక్కలు సమంగా ఉండాలి, వంపులో ఉంటే పైకెక్కే బలం తగ్గిపోతుంది. గేర్ (చక్రాలు), ఫ్లాప్స్ (రెక్కల వెనక చాచే పలకలు) ముట్టుకోకూడదు: ఫ్లాప్స్ లోపలికి ముడిస్తే లిఫ్ట్ (పైకి లేపే బలం) పోతుంది, గేర్ తలుపులు తెరుచుకుంటే డ్రాగ్ (గాలి అడ్డు) పెరుగుతుంది. రెండో పైలట్ రేడియో ఆల్టిమీటర్ అంకెలు చదువుతూ, విమానం ఎక్కుతోందా లేదా చెప్తుండాలి.

అందరూ మరిచేది స్పీడ్‌బ్రేక్, అంటే దిగేటప్పుడు వేగం తగ్గించడానికి రెక్కల మీద తెరిచే పలకలు. 1995 డిసెంబర్ 20న కొలంబియాలోని కాలి దగ్గర అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 పైలట్లు హెచ్చరిక విని వెంటనే లేపారు, థ్రస్టూ ఇచ్చారు. దిగడానికి తెరిచిన స్పీడ్‌బ్రేకులు మాత్రం అలాగే ఉండిపోయాయి. 159 మంది పోయారు. చెయ్యి థ్రస్ట్ లీవర్ మీదకి పోయినప్పుడే పక్కనున్న స్పీడ్‌బ్రేక్ లీవర్‌నీ తడమాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పట్టపగలు, నేల స్పష్టంగా కనబడుతూ, ముప్పు లేదని కళ్లతో తేల్చుకుంటే అప్రోచ్ కొనసాగించొచ్చు. చీకట్లో, మబ్బులో ఆ వెసులుబాటు లేదు. "తప్పుడు అలారమేమో" అన్న అనుమానం పైకెక్కాక తీర్చుకోవచ్చు.

అలాగని అలారం మోగకపోతే క్షేమమనీ కాదు. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్‌లో దిగుతున్న ఒక ఏ320కి కంట్రోలర్ క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపడానికి ఆల్టిమీటర్‌లో పెట్టే గాలిపీడనం, హెక్టోపాస్కల్స్‌లో) 1001 బదులు 1011 చెప్పారు. ఒక్కో హెక్టోపాస్కల్‌కి సుమారు 28 అడుగుల లెక్కన, ఆల్టిమీటర్ చూపిన దానికన్నా విమానం 280 అడుగులు కిందుంది. రన్‌వే ఇంకా రాకముందే నేలకి 6 అడుగుల దాకా వచ్చి, గో అరౌండ్‌తో, అంటే దిగకుండా మళ్లీ పైకెక్కి, బయటపడింది. ఈజీపీడబ్ల్యూఎస్ మోగలేదు. రన్‌వే దగ్గర దిగడం మామూలే కాబట్టి అక్కడ దాని అలారం గీత చాలా కిందికి ఉంటుంది. ఏటిస్‌లో (విమానాశ్రయం రికార్డు చేసి రేడియోలో వినిపించే వాతావరణ వివరాల్లో) మాత్రం 1001 అనే ఉంది. కంట్రోలర్ చెప్పిన అంకెని ఏటిస్ అంకెతో పోల్చడానికి పట్టేది రెండు సెకన్లు.