ఎనిమిది నెలలు వాడాక నా ఫోన్ గురించి

పోయిన దసరాకి 22 వేలు పెట్టి ఫోన్ కొన్నాను. కంపెనీ పేరు వద్దులెండి. స్క్రీన్ మాత్రం అద్భుతం! అమోలెడ్ తెర, 120 హెర్ట్జ్ (అంటే సెకనుకి 120 సార్లు వరకు బొమ్మ మారుతుంది). నలుపు ఉన్నచోట పిక్సెల్స్ పూర్తిగా ఆరిపోతాయి, అందుకే నలుపు నిజంగా నలుపులానే కనిపిస్తుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ రాత్రి పడుకునేదాకా వస్తోంది. ఛార్జింగ్ టెన్షన్ లేదు.

నా బాధంతా కెమెరాతోనే. 50 మెగాపిక్సెల్ కదా అని నమ్మాను. పగలు బాగానే తీస్తుంది. మొన్న చెల్లి పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు దూరం నుంచి జూమ్ చేసి తీస్తే అన్నీ మసకే. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్స్ లేని ఫోన్‌లో ఎక్కువ జూమ్ అంటే ఫొటోని కత్తిరించి పెద్దది చేయడమే అని అప్పుడు తెలిసింది. అమ్మ కళ్లు తుడుచుకుంటున్న ఫొటో ఒక్కటి కూడా సరిగ్గా రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకూ పనికిరాని ఆ 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా (మరీ దగ్గర నుంచి తీసేది) తీసేసి, ఆ ఖర్చు మెయిన్ సెన్సర్ మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఎండలో బండి మీద మ్యాప్స్ పెట్టుకుంటే ఫోన్ వేడెక్కి స్క్రీన్ వెలుతురు దానంతటదే తగ్గిపోతోంది, అదొకటి.

ఈ ధరలో కొనేవాళ్లు మెగాపిక్సెల్స్ కాదు, చేతి వణుకుని సరిచేసే ఓఐఎస్ ఉందో లేదో ముందు అడగండి. షాపులో కాస్త చీకటిగా ఉన్న మూలకి వెళ్లి ఒక ఫొటో తీసి చూడండి.